రబ్బరు ఎరకు ఏ హుక్కు? (ఫోన్-ఇన్)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈ వారం గాలం సరదా ఉన్నవాళ్ల కోసం. స్టూడియోలో మనతో ఉన్న సార్ రైల్వేలో రిటైరయ్యారు, ముప్పై ఏళ్లుగా గాలం వేస్తున్నారు. సార్, మొదటి కాల్ మౌలాలి నుంచి.

కాలర్: నమస్తే సార్. ఆన్‌లైన్‌లో రబ్బరు వానపాములు తెప్పించాను, అయిదు అంగుళాలవి. హుక్కు కోసం షాపుకెళ్తే, ‘ఎంత పెద్ద చేప పడతావు’ అని అడిగాడు. పెద్దదే అన్నాను. ఇంత పొడుగు హుక్కు చేతిలో పెట్టాడు. రెండుసార్లు విసిరేసరికి ఎర చిరిగిపోయింది.

అతిథి: నువ్వు అబద్ధం చెప్పలేదులే, అందరికీ పెద్ద చేపే కావాలి. కానీ అక్కడ అడగాల్సింది చేప సంగతి కాదు, ఎర లావెంత అని. ఎందుకో చెప్తా. చేప కరిచినప్పుడు రబ్బరు నలిగి కిందికి జారాలి, అప్పుడే మొన బయటికి వచ్చి నోట్లో దిగుతుంది. మొనకీ కాడకీ మధ్య ఉండే ఖాళీని గ్యాప్ అంటాం. ఆ ఖాళీ అంతా రబ్బరే నిండిపోతే మొనకు చోటెక్కడిది? నువ్వు లాగుతావు, ఎర వస్తుంది, చేప రాదు. అలాగని మరీ పెద్ద హుక్కు పెడితే ఎర చీలిపోతుంది, నీళ్లలో కర్రలా బిగుసుకుని కదలదు. నీకు జరిగింది ఆ రెండోది. ఇంతకీ నీ వానపాము సన్నమా, లావా?

కాలర్: లావే సార్. పెన్సిల్ కంటే కొంచెం లావు.

అతిథి: అయితే 3/0 గానీ 4/0 గానీ వైడ్ గ్యాప్ తీసుకో. అదే నాలుగంగుళాల సన్నటి పురుగైతే 1/0 లేదా 2/0 చాలు. ఆరంగుళాల మామూలు పురుగుకు 3/0, ఏడెనిమిది అంగుళాలకు 4/0, పదంగుళాలకు 5/0. ఇదొక అంచనా మాత్రమే. ఒక కంపెనీ 3/0 ఇంకో కంపెనీ 4/0 అంత ఉంటుంది, అందుకే నేను ఎర జేబులో పెట్టుకుని షాపుకెళ్తాను.

యాంకర్: ఈ 3/0 అంటే ఏంటి సార్? భిన్నమా?

అతిథి: భిన్నం కాదమ్మా, త్రీ బై జీరో అంటారు. ఈ లెక్క మన పాతబస్తీ ఇంటి నంబర్ల లాంటిది, తెలిసినవాళ్లకే తోవ దొరుకుతుంది. గీత పక్కన సున్నా లేకపోతే నంబరు పెరిగేకొద్దీ హుక్కు చిన్నదవుతుంది. 10 కంటే 6 పెద్దది, 6 కంటే 2 పెద్దది, 2 కంటే 1 పెద్దది. ఒకటి దాటాక సున్నా వచ్చి చేరుతుంది. 1/0, 2/0, 3/0... అక్కడి నుంచి నంబరు పెరిగితే హుక్కూ పెరుగుతుంది. ‘నాలుగు నంబర్ ఇవ్వు’ అని అడిగారనుకోండి, జెల్లలకు వేసే బుల్లి హుక్కు పొట్లం కట్టిస్తాడు. బాబూ, లైన్లోనే ఉన్నావా? ఎర, హుక్కు దగ్గరున్నాయా?

కాలర్: ఉన్నాయి సార్. వేరే ప్యాకెట్లో 3/0 కూడా ఉంది. మెడ దగ్గర వంకరగా ఉంటుంది.

అతిథి: భలే, ఆ వంకరున్న రకాన్నే ఆఫ్‌సెట్ అంటారు. ఫోన్ స్పీకర్లో పెట్టు. ఇప్పుడు ఎర ముక్కులో సరిగ్గా నడిమధ్యన మొన గుచ్చు. పావు అంగుళం లోపలికి వెళ్లాక పక్క నుంచి బయటికి తీయి.

కాలర్: తీశాను.

అతిథి: కాడ మొత్తం లాగు. ఆ వంకర ఎర తలలోకి వెళ్లి, దారం కట్టే కన్ను ముక్కు దగ్గరకు రావాలి. ఇప్పుడు హుక్కును తిప్పు, మొన ఎర వైపు చూడాలి. చూస్తోందా? ఇక హుక్కును ఎర పక్కన ఊరికే వేలాడనివ్వు. వంపు అడుగు ఎర మీద ఎక్కడ ఆనుతుందో అక్కడ గోరుతో చిన్న గీటు పెట్టు.

కాలర్: పెట్టాను సార్.

అతిథి: ఆ గీటు దగ్గర ఎరను కొంచెం వంచి, మొనను నిలువుగా అటువైపుకు పొడిచెయ్యి. వదిలేసి చూడు. నిటారుగా ఉందా, వంగిందా?

కాలర్: కొంచెం గూనిగా ఉంది.

అతిథి: తీసి మళ్లీ గుచ్చు, వెంట్రుకవాసి వెనక్కి. గూని ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి దారం మెలిపెట్టేస్తుంది. నిటారుగా వచ్చాక మొన కొసను పైన రబ్బరు పొరలో కొద్దిగా దాచు. ఇక గుర్రపు డెక్కలో వేసినా చిక్కుకోదు. దీన్నే టెక్సస్ రిగ్ అంటారు. ఓ బకెట్ నీళ్లలో ముంచి చూసుకో, తేడా ఉంటే మళ్లీ ఫోన్ చెయ్యి.

యాంకర్: టెక్సస్ అంటే గుర్తొచ్చింది, నిజాంపేట నుంచి ఒక అమ్మ అక్కడికే వెళ్తున్నారట.

కాలర్: నమస్కారమండీ. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మనవడికి ఎనిమిదేళ్లు, వాడితో కలిసి బాస్ చేపలకు గాలం వెయ్యాలట నేను. మాది గోదావరి పక్క ఊరు, చిన్నప్పుడు అన్నయ్యలతో సమానంగా వానపాముతో వేసేదాన్ని. ఈ రబ్బరువి మాత్రం నాకు తెలియవు. అబ్బాయి డబ్బా ఫొటో పంపాడు, అందులో ఎన్ని రకాలో!

అతిథి: అమ్మా, మీకు సగం పని వచ్చేసినట్టే. ఆ డబ్బాలో పొట్టి కాడతో, గుండ్రటి వంపుతో చిన్న హుక్కులు ఉన్నాయేమో చూడండి. 1 నంబరు గానీ 1/0 గానీ. అయిదంగుళాల రబ్బరు పురుగు నడుముకు ఒక చిన్న రబ్బరు రింగు తొడిగి, హుక్కును ఆ రింగు కింద దూర్చండి. రెండు కొసలూ ఆడుకుంటూ మెల్లగా మునుగుతుంది. వ్యాకీ రిగ్ అంటారు, పిల్లలకు ఇంతకంటే తేలికైంది లేదు. మొన బయటికి ఉంటుంది కాబట్టి గడ్డి లేని చోటే వేయాలి. ఇంకో మాట, మొన వెనక ఉండే ముల్లును పట్టుకారుతో అదిమేయండి. చేప కొంచెం తప్పించుకుంటే తప్పించుకుంటుంది గానీ, మనవడి వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది.

కాలర్: అక్కడ లైసెన్సు కావాలంటున్నాడు, నిజమేనా?

అతిథి: నిజమే. మీరు అక్కడ ఉండేవారు కాదు గనక నాన్-రెసిడెంట్ లైసెన్సు. బాస్‌లో పెద్ద నోటి రకం, లార్జ్‌మౌత్ బాస్, 14 అంగుళాల కంటే చిన్నదైతే వదిలేయాలి, ఒక మనిషికి రోజుకు అయిదు. కొన్ని చెరువులకు వేరే రూలు ఉంటుంది. డాలస్‌కు తూర్పున లేక్ ఫోర్క్ ఉంది, అక్కడ 16కీ 24 అంగుళాలకీ మధ్య పడితే వదలాల్సిందే. 1992లో ఆ చెరువులోనే 18.18 పౌండ్ల బాస్ పడింది, అంటే ఎనిమిది కిలోల పైమాటే. బయల్దేరే ముందు రూల్స్ అబ్బాయి చేత ఒకసారి చూపించుకోండి.

యాంకర్: ఉప్పల్ నుంచి ఇంకో కాల్.

కాలర్: అన్నా నమస్తే. మనకు బాస్ లేదు, కొర్రమీనే. అదే రబ్బరు, అవే హుక్కులు వాడుతున్నా. పోయిన ఆదివారం మంచి చేప తగిలింది, బయటికి లాగితే హుక్కు తీగలా సాగిపోయి వచ్చింది.

అతిథి: అయ్యో తమ్ముడూ! దారం ఏది?

కాలర్: బ్రెయిడ్, అదే అల్లిన దారం, నలభై పౌండ్లు ఆపేది. గట్టి రాడ్డే.

అతిథి: అదే కారణం. సన్న తీగ హుక్కులు నైలాన్ దారానికి, మెత్తటి రాడ్డుకు. చిన్నగా లాగినా చటుక్కున దిగుతాయి. బ్రెయిడ్ సాగదు, నీ బలమంతా హుక్కు మీదే పడుతుంది. కొర్రమీను గడ్డిలోకి దూరి, ఎముకల దవడ బిగిస్తే సన్న తీగ ఏం ఆగుతుంది? లావు తీగలో 4/0, 5/0 వైడ్ గ్యాప్ వాడు. నేనూ ఇలాగే ఒక సాయంత్రం చేపను గట్టు దాకా తెచ్చి పోగొట్టుకున్నాను. సాగిన హుక్కును పట్టుకారుతో మళ్లీ వంచి ఇంకోసారి వేశాను చూడు, ఆ తెలివితక్కువతనానికి రెండోది కూడా పోయింది. సాగినది పారెయ్యాల్సిందే.

కాలర్: పారేస్తా అన్నా.

అతిథి: ఇంకొకటి. వానాకాలంలో నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు బుడబుడలాడుతూ కనిపిస్తే అక్కడ వెయ్యకు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. కోపంతో ఏది వేసినా కొడతాయి, వాటిని తీసేస్తే పిల్లలన్నీ వేరే చేపల పాలే. కొర్రమీను మన రాష్ట్ర చేప కూడా. అన్నట్టు, చెరువు మత్స్యకారుల సంఘం వాళ్లదైతే ముందు వాళ్లనడిగి కూర్చో.

యాంకర్: వాట్సాప్‌లో ఒక ప్రశ్న. పాత హుక్కు పదునుందో లేదో ఎలా తెలుస్తుంది?

అతిథి: బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి మెల్లగా జరపండి. పట్టుకుంటే పదును, జారితే మొద్దు. తడి హుక్కును డబ్బాలో వేయకండి, ఒకదాని తుప్పు అన్నిటికీ. రబ్బరు ఎరలు కూడా వచ్చిన ప్యాకెట్లోనే ఉంచండి. రకరకాలవి కలిపేసి ఎండాకాలం కారులో వదిలేస్తే అన్నీ కరిగి ఒకే ముద్ద. నా దగ్గర ఉంది అలాంటి ముద్ద ఒకటి, పేపర్ వెయిట్‌గా వాడుతున్నా.

యాంకర్: టైమ్ అయిపోతోంది... ఆఁ, మౌలాలి బాబు మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్: సార్, నిటారుగా వచ్చింది! బకెట్లో లాగితే చక్కగా ఈదుతోంది, ఒక్క మెలిక లేదు.

అతిథి: శభాష్. అలాగే పది సార్లు చెయ్యి, చేతికి అలవాటవుతుంది.

కాలర్: చేస్తాను గానీ సార్, మా అమ్మ బకెట్ ఇచ్చెయ్యమంటోంది, నల్లా వచ్చిందట.