చేరిన నాటి నిబంధనే చివరి దాకా

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట కూడా ఇంటి పట్టున ఉండలేని అధ్యాపక మిత్రులకు నమస్కారం. పేరుపేరునా పలకరిస్తే నాకిచ్చిన పావుగంట అక్కడికే సరిపోతుంది, మన్నించాలి.

ఉన్నత విద్యలో నియంత్రణల సడలింపు, కొత్త ప్రయోగాల గురించి చెప్పమన్నారు. ఈ మాట ఎత్తగానే అందరూ 2020 జాతీయ విద్యా విధానం దగ్గర మొదలుపెడతారు. నేను 1982 దగ్గర మొదలుపెడతాను. ఆ ఏడాది హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. రోజూ కళాశాలకు వెళ్లలేనివారు ఇంటి దగ్గరే చదివి డిగ్రీ పొందే అలాంటి విశ్వవిద్యాలయం దేశంలో అదే మొదటిది. దాన్ని నిలబెట్టిన జి. రాంరెడ్డిగారినే 1985లో ఢిల్లీలో పెట్టిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అదే ఇగ్నోకు, తొలి ఉపకులపతిగా తీసుకువెళ్లారు. అంటే మనం ముందు చేసి చూశాం, ఢిల్లీ తరువాత అందుకుంది. ఇంటర్ చదవని మనిషికి అర్హత పరీక్ష పెట్టి నేరుగా డిగ్రీలో చేర్చుకోవడం ఆ రోజుల్లో సామాన్యమైన తెగింపు కాదు!

ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆదివారం తరగతుల్లో నేనూ పాఠాలు చెప్పాను. కండక్టర్లు వచ్చేవారు, కొట్లో గుమాస్తాలు వచ్చేవారు. ఒక ఆసుపత్రి ఆయా రాత్రి డ్యూటీ దిగి నేరుగా తరగతికి వచ్చేది. మొదటి బెంచీలోనే కూర్చునేది, నిద్ర రాకుండా. డిగ్రీ పాసైంది. పదోన్నతికి దరఖాస్తు పెడితే ఒక కార్యాలయంలో గుమాస్తా అడిగాడు, "ఇంటర్ మెమో ఏదమ్మా?" అని. అర్హత పరీక్ష కాగితం చూపించింది. "ఇది మా జాబితాలో లేదు" అన్నాడు. నేను వెంట వెళ్లి వాదించాను. విశ్వవిద్యాలయాన్ని పెట్టింది శాసనసభ చేసిన చట్టం కదా అన్నాను. ఆయన జాబితానే మళ్లీ చదివి వినిపించాడు. ఆ దరఖాస్తు అక్కడే ఆగిపోయింది.

ఇది పాత కథ అంటారేమో. 2013లో ఢిల్లీ విశ్వవిద్యాలయం నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టింది. రెండేళ్లకు, మూడేళ్లకు బయటికి వెళ్లే వీలూ పెట్టింది. హడావుడిగా చేశారని అధ్యాపకులు మొత్తుకున్నారు, అది నిజమే. ఏడాది తిరగకుండానే, 2014 జూన్‌లో, విశ్వవిద్యాలయాలను నియంత్రించే కేంద్ర సంస్థ యూజీసీ కన్నెర్రతో రద్దయింది. అప్పటికే ఏడాది చదివేసిన పిల్లలను మూడేళ్ల చట్రంలోకి సర్దారు. ఆరేళ్లకు జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల డిగ్రీనీ మధ్యలో బయటికి వెళ్లే వీలునూ గొప్ప సంస్కరణగా తెచ్చింది. 2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయం మళ్లీ మొదలుపెట్టింది. పెట్టినవారికి నష్టం లేదు, తీసినవారికీ లేదు. మధ్యలో చట్రం మారిపోయిన పిల్లవాడి సంగతి ఎవరు అడిగారు? మీలో ఎవరైనా అడిగారా? నేనూ అడగలేదనుకోండి.

ప్రయోగాలే వద్దనేవారితో నాకు పేచీ ఉంది. పాఠ్యాంశాలూ పరీక్షలూ తామే నిర్ణయించుకునే స్వయంప్రతిపత్తి కళాశాలల మాట కేంద్రం వేసిన విద్యా కమిషన్, కొఠారీ కమిషన్, 1966లోనే చెప్పింది. 1978 దాకా ఒక్కటీ రాలేదు. భయపడితే పన్నెండేళ్లు అలాగే పోతాయి. కానీ చేసేటప్పుడు ఊళ్లను చూసి చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ అన్నారు. మంచి ఆలోచనే. విశాఖలో సరే, మన్యంలోని పాడేరులో పిల్లలు ఏ కంపెనీ గడప తొక్కాలి?

మళ్లీ ఆ ఆయా దగ్గరికే వస్తున్నాను, విసుక్కోకండి. ఆమెను చేర్చుకున్న విశ్వవిద్యాలయం తప్పు చేయలేదు. గుమాస్తా కూడా తన కాగితం ప్రకారమే నడిచాడు. ఆ రెండు కాగితాలనూ ఒకచోట పెట్టి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు. అందుకే ఈ సభ తీర్మానాల్లో రెండోదిగా ఇది చేర్చమని కార్యదర్శిగారిని కోరుతున్నాను: విద్యార్థి చేరిన నాటి నిబంధనలే చదువు ముగిసేదాకా, ఆ తరువాత ఉద్యోగానికీ పదోన్నతికీ కూడా చెల్లాలి, కొత్త కోర్సుకు అనుమతి ఇచ్చే ఉత్తర్వులోనే ఆ మాట రాయాలి.

దీనికి అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చేయెత్తండి. భోజనాల దగ్గర చెబితే నేను వినను.