రిజిస్టరులో లేని గడి
(అక్టోబరు 1, స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం, కందుకూరు)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదవను. బయట రక్తమిచ్చి బిస్కెట్లు తింటున్న పిల్లలను లోపలికి పిలవండి. నా మాటలు వాళ్ల కోసమే.

నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఒక ఏడు వినాయక చవితి వెళ్లాక ఒక కాలేజీ కుర్రాడు రక్తమిచ్చాడు. మూడో రోజు ఫోన్. "సార్, రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోంది, డెంగీ అంటున్నారు. నా రక్తం ఎవరికన్నా ఎక్కించారా?" ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తాను. ఎర్రకణాల బ్యాగు ఉంది. ప్లేట్‌లెట్ల బ్యాగు ముందురోజే ఎవరికో ఎక్కించడానికి వెళ్లిపోయింది.

రాద్దామని రిజిస్టరు తెరిచాను. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా. దాత రక్తానికి చేసే పరీక్షలవి, ఐదు గడులు. మలేరియా కూడా దోమదేగా అంటారు. మలేరియాది పరాన్నజీవి, డెంగీది వైరస్. ఆ పిల్లాడి మాటకు గడి లేదు. పక్కన పెన్సిల్‌తో రాశాను. పైఆయన రబ్బరు తీసుకుని చెరిపేసి, "పుస్తకం ఖరాబు చెయ్యకయ్యా" అన్నారు. ఆ రబ్బరు పొడి ఇప్పటికీ కళ్ల ముందు కనపడుతుంది.

వెస్ట్ నైల్ అని, డెంగీలాగే దోమలు మోసే ఇంకో వైరస్ ఉంది. అది ఎక్కించిన రక్తం ద్వారా కూడా సోకుతోందని అమెరికాలో 2002లో తేలింది. మరుసటి ఏడాదే దాతల రక్తంలో వైరస్ జన్యుపదార్థం కోసం పరీక్ష మొదలెట్టారు. ఖర్చు తగ్గడానికి కొందరి శాంపిల్స్ కలిపి చూస్తారు. ఆ ప్రాంతంలో కేసులు కనపడితే ఒక్కొక్కరిదీ విడిగా చూస్తారు. ఆ వైరస్ సోకిన పదిమందిలో ఎనిమిదిమందికి జ్వరమే రాదు, ఆసుపత్రికే పోరు. వాళ్లు దొరికేది రక్తమిచ్చినప్పుడే. ఏ ఊళ్లో దొరికారో ఆరోగ్యశాఖకు తెలుస్తుంది. డెంగీ కూడా అంతే. జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ రక్తంలో ఉంటుంది, చాలామందికి ఏమీ తెలియదు. మరి మనం ఆసుపత్రి వార్డు నిండాకేగా ఫాగింగ్ మిషన్ తెచ్చేది?

అమ్మా, ఇక్కడ ఎంతమంది ఇళ్లల్లో ట్యాంకరు నీళ్ల డ్రమ్ములున్నాయి? చేతులెత్తండి. మూతలున్నవాళ్లే ఉంచండి. చూశారా, సగం దిగాయి! డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, ఎక్కువగా నిలవున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. సరే, ఆ ఉపన్యాసం ఇంకోసారి.

దాతలందరికీ డెంగీ వైరస్ పరీక్ష చేయాలంటే డబ్బు కావాలి, నాకూ తెలుసు. ఫోన్ ఎత్తి రాసుకోడానికి ఏం కావాలి? బాబూ, ఇవాళ రక్తమిచ్చిన మీలో ఎవరికైనా ఈ వారంలో జ్వరమొస్తే వెంటనే బ్లడ్ బ్యాంకుకు చెప్పండి. గడి లేదంటే పక్కన రాయమనండి. పెన్నుతో.