హైదరాబాద్–దుబాయ్ ఫ్లైట్: దూరం లెక్క చెప్పే సైట్లను ఎంతవరకు నమ్మొచ్చు?

నమస్తే అండీ. హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం, ఎన్ని గంటలు అని వెతకగానే లెక్క చెప్పేసే సైట్లు చాలా ఉన్నాయి. దూరం వరకు అవి చెప్పేది కరెక్టే. శంషాబాద్ నుంచి దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌కి నేరుగా గీత గీస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. తేడా అంతా టైమ్ దగ్గరే.

సైటు చేసేది మామూలు భాగహారం. గంటకు 850 కిలోమీటర్ల లెక్కన మూడు గంటలు అని చూపిస్తుంది. టికెట్ తీసి చూడండి. పోయేటప్పుడు సుమారు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర, మూడుముప్పావు ఉంటుంది. ఎందుకంటే టికెట్ మీది టైమ్ విమానం బే (విమానం నిలిపే చోటు) నుంచి కదిలినప్పుడు మొదలై, అక్కడ బేలో ఆగేదాకా నడుస్తుంది. రన్‌వే దాకా వెళ్లడం, గాల్లో పైకి లేవడం, కిందికి దిగడం, దిగే వంతు కోసం దుబాయ్ మీద లైన్‌లో తిరగడం అన్నీ అందులోనే.

పోను, రాను తేడాకి కారణం గాలి. చలికాలంలో పైన పడమటి గాలి గట్టిగా వీస్తుంది. అది గంటకు 100 కిలోమీటర్లు ఉందనుకోండి. ఎదురుగా పోతే వేగం 750కి పడిపోతుంది, వెనక నుంచి తోస్తే 950 అవుతుంది. ఒక్క గాలితోనే 40 నిమిషాలకు పైగా తేడా! వేసవిలో అంత ఉండదు.

ఇప్పుడు గడియారం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. పొద్దున 10:00కి బయల్దేరితే టికెట్ మీద చేరేది 12:30 అని ఉంటుంది. రెండున్నర గంటల ప్రయాణం అనుకోకండి, ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. తిరుగు ప్రయాణంలో రాత్రి 10:00కి ఎక్కితే దిగేసరికి ఇక్కడ తెల్లవారుజామున 3:10. చేరే టైమ్ పక్కన చిన్న ప్లస్ వన్ (+1, అంటే మర్నాడు) గుర్తు ఉంటుంది, అది చూసి మరీ ఇంటివాళ్లకి కారు తేదీ చెప్పండి.

చాలామంది దెబ్బతినేది మాత్రం అర్ధరాత్రి ఫ్లైట్లతోనే. 10వ తేదీ 00:30 అని ఉందంటే 9వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. 10వ తేదీ రాత్రి వెళితే ఫ్లైట్ పోయి దాదాపు రోజు అయిపోయి ఉంటుంది. అంతర్జాతీయ ఫ్లైట్లకి చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు, కొందరు ఇంకా ముందే. ఇమిగ్రేషన్ లైన్ కూడా కలుపుకుని మూడు గంటల ముందు చేరండి. జగిత్యాల వైపు నుంచి వచ్చేవాళ్లు రోడ్డు మీద అయిదు గంటలు పైనే వేసుకోండి. ఆ ఒక్క రోజుకి విమానం కంటే బస్సే ఎక్కువసేపు!

కాబట్టి దూరానికి సైటు చాలు, టైమ్‌కి టికెట్టే చూడండి. అందులోనూ ఎయిర్‌పోర్ట్ కోడ్ చూడండి: డీఎక్స్‌బీ అంటే దుబాయ్, ఎస్‌హెచ్‌జే అంటే షార్జా. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి ఆ కోడ్, టెర్మినల్ నంబర్ రెండూ ముందే పంపండి.