శుభలేఖల్లో దొరికిన ఊళ్ళ అల్లిక

సభకు నమస్కారం.

ఈ రేకుపెట్టె మా అమ్మమ్మది. ఆమె ఏ శుభలేఖనూ పారేయలేదు. నాలుగు అంచులకూ పూసిన పసుపు కొన్నింటి మీద ఇంకా కనిపిస్తోంది. ఈ కార్డులతోనే నేను ఆర్ అనే కంప్యూటర్ భాషలో ఒక పటం గీశాను. వేలితో తాకితే కదిలే పటం, అడిగితే బదులిచ్చే పటం. ఎలా గీశానో, ఎక్కడ తప్పులు చేశానో ఈ పూట మీకు చెబుతాను.

మాది ఆంధ్ర, ఒడిశా సరిహద్దు. ప్రతి శుభలేఖలోనూ రెండు ఊళ్ళుంటాయి. పిల్లనిచ్చిన ఊరు, పిల్లను తెచ్చుకున్న ఊరు. టెక్కలి వాళ్ళు పర్లాకిమిడికి పిల్లనిచ్చారు, పర్లాకిమిడి వాళ్ళు కాశీనగర్‌కు ఇచ్చారు. ఊరిని ఒక బిందువు అనుకోండి, పెళ్ళిని ఒక గీత అనుకోండి. ఇచ్చిన ఊరి నుంచి తెచ్చుకున్న ఊరికి బాణం. ఇలాంటి అల్లికనే గణితంలో గ్రాఫ్ అంటారు. కోనిగ్స్‌బర్గ్ నగరంలో ఏడు వంతెనలనూ ఒక్కొక్కసారే దాటి తిరిగి రాగలమా అన్న సమస్యను 1736లో గణితవేత్త ఆయిలర్ విప్పింది ఈ ఆలోచనతోనే. ఆయన వంతెనల పొడవును, నది వెడల్పును పట్టించుకోలేదు. ఏది దేనితో కలిసిందన్నదే చూశాడు. మన పెద్దవాళ్ళు చుట్టరికాలు లెక్కపెట్టేదీ అలాగే కదా!

ఆర్ భాషను 1990ల తొలినాళ్ళలో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. తొలి పూర్తి వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఉచితం కాబట్టి, కంప్యూటర్ ఉన్న విద్యార్థి ఎవరైనా ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. విస్‌నెట్‌వర్క్ అనే ప్యాకేజీని, అంటే ఆర్‌కు అదనంగా తగిలించుకునే పనిముట్టును, వేసుకోండి. అది అడిగేది రెండు పట్టికలే. మొదటిది ఊళ్ళ పట్టిక: ప్రతి ఊరికీ ఐడీ అనే గడిలో ఒక సంఖ్య, లేబుల్ అనే గడిలో పేరు, గ్రూప్ అనే గడిలో రాష్ట్రం. రెండోది పెళ్ళిళ్ళ పట్టిక: ఫ్రమ్ గడిలో ఇచ్చిన ఊరి సంఖ్య, టూ గడిలో తెచ్చుకున్న ఊరి సంఖ్య. ఆ రెండు ఊళ్ళ మధ్య ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో వాల్యూ గడిలో వేస్తే గీత అంత లావవుతుంది. పట్టికలు రెండూ ఆ ప్యాకేజీలోని ఫంక్షన్‌కు అందిస్తే పటం తెర మీదికి వస్తుంది.

పటం గీయడం ఒక్క పూట పని. నాకు వారాలు పట్టింది పేర్లతో. ఈ ఊరి పేరే ఎన్ని రకాలుగా ఉందో చూడండి: పర్లాకిమిడి, పర్లాకిమెడి, పారలాఖెముండి. కొన్ని కార్డులు తెలుగులో, కొన్ని ఒడియాలో, కొన్ని ఇంగ్లీషులో అచ్చయ్యాయి. కంప్యూటర్‌కు అవన్నీ వేర్వేరు ఊళ్ళే. పాతపట్నం, పాతపట్టణం అని రాస్తే మరో రెండు. పేరుకు బదులు సంఖ్యను ఐడీగా పెట్టుకోమని చెప్పింది అందుకే. రాతలన్నీ ఒకే సంఖ్య కిందికి వస్తాయి, లేబుల్ మాత్రం జనం పిలిచే పేరే ఉంటుంది. జనం నోట ఉన్న మాటనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పనిచేసిన ఊరిది. ఇక్కడ ఊరి పేరును జనం పలికినట్టు రాయకపోతే నాకు తృప్తి ఉండదు.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట. విండోస్‌లో పాత ఆర్ వెర్షన్లు మన అక్షరాలను కోడ్ సంఖ్యలుగా విరిచి చూపేవి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2 నుంచి, కొత్త విండోస్ ఉన్న కంప్యూటర్లలో ఆ బాధ తీరింది. పాతది వాడుతున్నవారు మార్చుకోండి.

ఇక కదలిక సంగతి. ఒక ఊరిని నొక్కితే దాని వియ్యాలవారి ఊళ్ళు మాత్రం నిలిచి, మిగతావి మసకబారేలా ఒక్క ఆప్షన్‌తో చెప్పవచ్చు. ఊళ్ళ పేర్ల జాబితా పక్కన వచ్చేలా మరొకటి ఉంది. నేను పటాన్ని ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలుగా, అంటే వెబ్ పేజీగా, దాచి ఫోనులో మా మేనత్తకు చూపించాను. ఇంటర్నెట్ అక్కర్లేదు, బ్రౌజర్ చాలు. ఆమె పర్లాకిమిడిని నొక్కింది, చాలాసేపు చూసింది. "ఒరే, మెళియాపుట్టి ఏదిరా? మీ చిన్నతాతకు పిల్లనిచ్చింది వాళ్ళే కదా" అంది.

నిజమే. ఆ పెళ్ళికి శుభలేఖ అచ్చు వేయలేదు. మనిషి వెళ్ళి బొట్టు పెట్టి పిలిచిన పెళ్ళి అది. అలాంటివి నా పటంలో ఒక్కటీ లేవు. అంటే నేను చూపిస్తున్నది అచ్చు కార్డు వేయించుకోగలిగినవారి చుట్టరికాన్నే. అదే పటాన్ని కాగితం మీద ఇచ్చి ఉంటే ఆమె బాగుందని మడిచి పెట్టేది. ఊరిని నొక్కి వెతికింది కాబట్టే లోటు దొరికింది. ఆ తర్వాత ఆమె చెబుతుంటే నేను మరో పట్టిక నింపాను. నేను ఈ పని మీద ఇంత ప్రేమ పెంచుకున్నది ఆ సాయంత్రమే.

ఆమె ఇంకో ప్రశ్న కూడా వేసింది: ఇచ్ఛాపురం పక్కనే గుణుపురం ఎలా వచ్చింది? పటంలో స్థానానికి భూగోళంతో సంబంధం లేదు. బిందువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గీతలు స్ప్రింగుల్లా లాగుతాయి, ఆ రెండూ సర్దుకున్నచోట ఊరు ఆగుతుంది. కాబట్టి దగ్గరగా కనబడినంత మాత్రాన దగ్గరి ఊళ్ళు కావు. నిజమైన పటంలా కావాలంటే ఎక్స్, వై గడులు మీరే నింపి ఆ కదలికను ఆపేయాలి.

ఏ ఊరు ఎక్కువ చుట్టరికాలను కలుపుతోందో లెక్కించడానికి ఐగ్రాఫ్ అనే మరో ప్యాకేజీ ఉంది. అందులో బిట్వీన్‌నెస్ అనే కొలత, ఏ రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి పట్టినా నడుమ ఏ ఊరు ఎక్కువగా తగులుతుందో చెబుతుంది. ఈ కొలతను 1977లో ఫ్రీమన్ వివరించాడు. ఇక్కడ నేను పడిన గుంటలో మీరు పడవద్దు. పెళ్ళిళ్ళ సంఖ్యను వెయిట్ అనే పేరుతో ఇస్తే ఐగ్రాఫ్ దాన్ని దూరంగా తీసుకుంటుంది. వియ్యాలు ఎక్కువున్న ఊళ్ళే దూరమైపోతాయి. ఒకటిని ఆ సంఖ్యతో భాగించి ఇచ్చాక నా కార్డుల్లో పాతపట్నం ముందుకు వచ్చింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం అటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గ్రూప్ గడితో రెండు రాష్ట్రాలకు రెండు రంగులు వేశాను. బాణాలు ఆ రంగుల మధ్య అటూ ఇటూ పోతూనే ఉన్నాయి.

చివరగా ఒక జాగ్రత్త. దాచిన హెచ్‌టీఎంఎల్ ఫైలులో మీరిచ్చిన పట్టిక మొత్తం ఉంటుంది. తెర మీద చూపకపోయినా, ఫైలు తెరిచి చదవగలిగినవారికి ఇంటిపేర్లు, కులాలు అన్నీ దొరుకుతాయి. పంచేముందు ఆ గడులు తీసేయండి. నేను ఊళ్ళ పేర్లు మాత్రమే ఉంచాను.

ఇంటి నుంచి శుభలేఖలు తెచ్చినవారు ముందు వరుసకు రండి. ఖాళీ పట్టిక తెర మీద పెట్టాను. పిల్లనిచ్చిన ఊరి పేరు మొదట చెప్పండి, నేను టైపు చేస్తాను.