కావాలనే దారి తప్పిన పైలట్

నమస్కారం అండీ. ఈ రోజు నా దగ్గర ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిల్ ఉన్నాయి. నాకు చాలా ఇష్టమైన ఒక లెక్కను మీకు గీసి చూపిస్తాను.

1931 మార్చి. న్యూజిలాండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరి వెళ్లాలని ఫ్రాన్సిస్ చిచెస్టర్ బయలుదేరారు. మధ్యలో టాస్మన్ సముద్రం, 2,000 కిలోమీటర్లకు పైగా నీళ్లే. ఆయనది జిప్సీ మాత్ అనే చిన్న విమానం. నీళ్ల మీద దిగడానికి చక్రాలు తీసేసి ఫ్లోట్లు బిగించారు. అంత దూరానికి సరిపడా పెట్రోలు అందులో పట్టదు. దారిలో నార్ఫోక్, లార్డ్ హౌ అనే రెండు దీవుల దగ్గర ఆగాల్సిందే.

నార్ఫోక్ పొడవు సుమారు 8 కిలోమీటర్లు, అంతే. న్యూజిలాండ్ ఉత్తరపు కొస నుంచి దాదాపు 750 కిలోమీటర్లు. దిశ 5 డిగ్రీలు తప్పితే చాలు, 65 కిలోమీటర్లు పక్కకు పోతాం. గాలి తోసేది దానికి అదనం.

ఇక దారి చెప్పేది సూర్యుడే. సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో సూర్యుడి ఎత్తు కొలిస్తే మనం ఉన్న చోటు ఒక చుక్కగా తెలియదు, ఒక గీతగా తెలుస్తుంది. ఆ గీత మీద ఎక్కడో ఉన్నాం, అంతవరకే. ఇదిగో, ఆ గీత. ఇది దీవి మీదుగా పోతోంది. నేరుగా దీవి వైపే ఎగిరి ఈ గీత దగ్గరకు వచ్చాననుకోండి, దీవి కనబడలేదు. ఇప్పుడు కుడికి తిరగాలా, ఎడమకా? తెలియదు.

అందుకే చిచెస్టర్ నేరుగా వెళ్లలేదు. కావాలనే దీవికి బాగా ఎడమవైపు గురిపెట్టారు. గీత చేరేసరికి ఎంత పొరపాటు జరిగినా సరే, దీవి కుడివైపే ఉండాలి! నేను మొదటిసారి ఇది కాగితం మీద గీసుకున్నప్పుడు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

దీవి దగ్గర సూర్యుడు ఏ వేళకు ఎంత ఎత్తులో ఉంటాడో ముందే లెక్కకట్టి పెట్టుకున్నారు. మిగతాది గాలిలో. ఇంటర్‌లో మనం తిప్పిన లాగ్ టేబుల్స్ గుర్తున్నాయా? పైకప్పు లేని కాక్‌పిట్‌లో, ఇంజిన్ హోరులో, విమానం నడుపుతూనే సెక్స్‌టెంట్ పట్టుకోవాలి, ఆ పట్టికలు చూడాలి, మోకాలి మీద పెన్సిల్‌తో లెక్క చేయాలి. ఒక్క కూడిక తప్పినా చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

గీత వచ్చిందని లెక్క చెప్పింది. చుట్టూ సముద్రమే. అప్పుడాయన అప్పటిదాకా వచ్చిన దారి వదిలేసి, దాదాపు అడ్డంగా కుడికి తిప్పారు. కంటికి ఏ ఆధారమూ లేదు, తన చేతిరాత తప్ప. ఆ క్షణం తలచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

నార్ఫోక్ దొరికింది. ఆ తర్వాత లార్డ్ హౌ కూడా ఇలాగే దొరికింది. అక్కడ రాత్రి గాలివానకు విమానం తలకిందులై మునిగితే, దీవివాళ్ల సాయంతో వారాల తరబడి బాగుచేసుకుని, జూన్‌లో ఆస్ట్రేలియా చేరారు.

రెండో ప్రపంచ యుద్ధంలో, ఒక్కరే కూర్చునే యుద్ధ విమానాల పైలట్ల కోసం ఆయన దారి లెక్కల పాఠాలు రాశారు. అందులోనూ ఇదే పద్ధతి, మోకాలి మీద అట్ట పెట్టుకుని చేసే లెక్క.