చల్లటి ఇంజన్ జబ్బు చల్లగా ఉన్నప్పుడే చూడాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ పాత కార్ల వాళ్లే ఎక్కువ మంది కనిపిస్తున్నారు కాబట్టి, నా బండి గొడవతోనే మొదలుపెడతాను. 1996 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి, అంటే గాలిలో పెట్రోలు కలిపే పని కార్బురేటర్‌దే. చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయ్యేది, అర నిమిషంలో మిస్సింగ్ కొట్టి ఆగిపోయేది. నాలుగైదు సార్లు బతిమాలి వీధి చివరిదాకా లాక్కెళ్తే ఇక ఏ బాధా లేదు. షెడ్డుకి చేరేసరికి చక్కగా తిరిగేది. మెకానిక్ బానెట్ ఎత్తి, ఒక రేసు ఇచ్చి, "బానే ఉంది కద సార్" అనేవాడు. మూడుసార్లు ఇదే తంతు. ప్లగ్గులు మారాయి, జబ్బు మారలేదు.

పాపం, ఆయన్ని అనడానికి లేదు. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఇంజన్‌లోకి వెళ్లే దారిలో, అంటే మానిఫోల్డ్ గొట్టాల గోడలకే తడిగా అంటుకుంటుంది. మామూలుగా ఒక పాలు పెట్రోలుకి బరువులో 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. చల్లటి ఇంజన్‌కి ఆ లెక్క చాలదు, పెట్రోలు ఇంకా దండిగా వెళ్లాలి. గాలికి అడ్డంపడి ఆ పని చేసేదే చోక్. ఇంజన్ వేడెక్కాక చోక్‌తో పని లేదు, కాబట్టి దాని లోపం కూడా కనిపించదు.

నాలుగోసారి బండిని రాత్రంతా షెడ్డులోనే వదిలేశాను. పొద్దున ఆరింటికి వెళ్లి, సెల్ఫ్ కొట్టకముందే ఎయిర్ ఫిల్టర్ మూత విప్పించాను. నేను లోపల కూర్చుని చోక్ నాబ్ మొత్తం లాగాను. ఆయన టార్చి వేసి చూసి నవ్వాడు. కార్బురేటర్ నోటిని మూయాల్సిన గుండ్రటి రేకు సగంలోనే ఆగిపోయింది. కేబుల్ తొడుగు క్లిప్పులోంచి జారింది, నేను లాగినదంతా ఆ తొడుగు కదలడానికే సరిపోతోంది. రెండు నిమిషాల పని!

చోక్ బాగుంటే, స్టార్ట్ కాని బండి ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ సంగతి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండ్లలో చోక్ నాబ్ ఉండదు. అక్కడ ఇంజన్ నీళ్ల వేడిని కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెప్పిన మాటను బట్టే ఈసీయూ, అంటే బండిలోని కంప్యూటర్, పెట్రోలు పోస్తుంది. చల్లటి ఇంజన్‌ని వేడిగా ఉందని ఆ సెన్సర్ చెప్పిందంటే, బండికి మళ్లీ అదే అవస్థ.

ఇక థర్మోస్టాట్, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనీయకుండా ఆపే వాల్వు. "మన ఎండలకి ఇదెందుకు సార్" అని పీకి పారేసే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరిగి చల్లారిపోతుంటాయి, ఇంజన్ ఎంతకీ వేడెక్కదు. చల్లటి బండి స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కి దూరంగా రేడియేటర్ పైహోసు మీద చెయ్యి పెట్టండి. అది చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ గోరువెచ్చగా పెరుగుతూ వస్తే, లోపల థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది.

నా బండి నిన్న సాయంత్రమే తెచ్చి బయట పెట్టాను. అప్పట్నుంచి సెల్ఫ్ కొట్టలేదు. రండి, మూత విప్పి చూపిస్తాను.