బస్టాపు దాకా నడిచేదెలా? హైదరాబాద్ రోజువారీ ప్రయాణాలపై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. పొగ తగ్గాలి, ట్రాఫిక్ తగ్గాలి అని మనం అందరం అంటాం. మరి పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు బయల్దేరే మనిషి బండి తాళం ఇంట్లో వదిలేసి బస్సో, మెట్రోనో, సైకిలో ఎక్కాలంటే ఏం కావాలి? ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం. స్టూడియోలో ముగ్గురు ఉన్నారు. ఆర్టీసీలో పాతికేళ్లకు పైగా కండక్టర్‌గా చేసి ఈమధ్యే రిటైరైన అమ్మ, ఇంజినీరింగ్ కాలేజీలో ట్రాన్స్‌పోర్టేషన్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్ గారు, మియాపూర్ నుంచి గచ్చిబౌలికి నాలుగేళ్లుగా సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. అమ్మా, మీతోనే మొదలుపెడతాను. ఈ రోజు ఇక్కడికి ఎలా వచ్చారు?

కండక్టర్: బస్సులోనే అమ్మా. రిటైరయ్యానని బస్సు మానేస్తానా? కానీ నిజం చెప్పాలంటే బస్సులో కూర్చున్న ముప్పావుగంట నాకు కష్టం కాలేదు. ఇంటి నుంచి స్టాపు దాకా నడిచిన పది నిమిషాలే కష్టం.

యాంకర్: ఏం జరిగింది?

కండక్టర్: కొత్తగా ఏం జరగలేదు, రోజూ అంతే. మా సందు దాటగానే మెయిన్ రోడ్డు. ఫుట్‌పాత్ ఉంది, లేదని అనను. కానీ అది ఎక్కాలంటే మోకాలి ఎత్తు. నాకా మోకాళ్ల నొప్పులు. పాతికేళ్లు నిలబడి చేసిన ఉద్యోగం కదా. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కరెంటు స్తంభం పట్టుకుని ఎక్కాను. నాలుగడుగులు వేశానో లేదో ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె. దిగాను. మళ్లీ ఎక్కితే ఒక షాపు ముందు వరసగా బైకులు. మళ్లీ దిగాను. అవతల రెండు పలకల మధ్య ఒక పలక లేదు, కింద మురుగు కనిపిస్తోంది. ఇక ఎక్కడం మానేసి రోడ్డు మీదే నడిచాను. వెనక నుంచి హారన్. పక్కకు జరుగుదామంటే జాగా ఎక్కడుంది?

ప్రొఫెసర్: అమ్మ చెప్పిన ఈ పది నిమిషాలు మా పుస్తకాల్లోనూ ఉన్నాయి. రోడ్లు ఎలా కట్టాలో ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం 2012లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డేమీ లేని జాగా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. జానెడు కంటే తక్కువ అన్నమాట. మోకాలెత్తు ఫుట్‌పాత్ కడుతున్నారంటే దాని మీద ఎవరు నడుస్తారో కట్టేవాళ్లు ఒక్కసారి కూడా ఊహించుకోలేదనే అర్థం. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అంది.

యాంకర్: మనం పర్యావరణం గురించి మాట్లాడదామనుకున్నాం, ఫుట్‌పాత్ దగ్గరే ఆగిపోయాం.

ప్రొఫెసర్: ఆగాల్సింది అక్కడే మేడమ్. బస్సు ఎక్కే ప్రతి మనిషీ ముందు నడవాలి, దిగాక మళ్లీ నడవాలి. ఆ రెండు నడకల్లో ఏది భయంగా ఉన్నా బండి కొనేస్తారు. మన మెట్రోనే చూడండి. 2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య మొదలైంది. ఇప్పుడు మూడు లైన్లు, 57 స్టేషన్లు, 69 కిలోమీటర్లు. లోపల ఏసీ, శుభ్రం, టైముకు రైలు. కానీ మెట్లు దిగి రోడ్డు మీద కాలు పెట్టగానే అమ్మ చెప్పిన ప్రపంచమే. చాలామంది మెట్రో దిగి ఒకటిన్నర కిలోమీటరుకు ఆటో ఎక్కుతారు, లేదంటే బైక్ ట్యాక్సీ బుక్ చేస్తారు. నెల తిరిగేసరికి ఆ చివరి ముక్కకు పెట్టిన ఖర్చు మెట్రో టికెట్లతో పోటీ పడుతుంది. దాంతో లెక్కలు వేసుకుని మళ్లీ స్కూటర్ తీస్తారు.

సైక్లిస్ట్: మా టీమ్‌లో ఇద్దరు సరిగ్గా ఇదే చేశారు సార్. ఒకరు ఆరు నెలలు మెట్రోలో వచ్చారు. వానాకాలం రాగానే మానేశారు.

యాంకర్: మీరు మాత్రం సైకిల్ మానలేదు. ఎలా?

సైక్లిస్ట్: మొదట్లో మానేద్దామనే అనుకున్నాను. ఇంటి నుంచి ఆఫీసు పది కిలోమీటర్లు. నేను పొద్దున ఏడుంపావుకు బయల్దేరతాను. ఆ టైములో అరగంట, ముప్పై ఐదు నిమిషాల్లో వెళ్లిపోతాను. అదే తొమ్మిదింటికి నా ఫ్రెండు కారులో గంట పడుతోందంటాడు. కాబట్టి టైము సమస్య కాదు. మొదటి వారం అసలు సమస్య ఆఫీసు గేటు దగ్గర ఎదురైంది. సెక్యూరిటీ ఆయన సైకిల్ లోపలికి రానివ్వలేదు. బేస్‌మెంట్ పార్కింగ్‌కు స్టిక్కర్ కావాలట, స్టిక్కర్ కావాలంటే బండి నంబరు కావాలట. సైకిల్‌కి నంబరెక్కడిది? మూడు రోజులు బయట చెట్టుకు గొలుసు వేసి పెట్టాను. తర్వాత ఒక పది మందిమి కలిసి మెయిల్ రాశాం. చివరికి ఒక కారు పట్టే చోట స్టాండ్ వేశారు. అందులో పది సైకిళ్లు పడుతున్నాయి. పక్కనే ఉన్న బాత్రూమ్‌లో స్నానం చేసి, బ్యాగులో తెచ్చుకున్న చొక్కా వేసుకుంటాను. ఇంత చిన్న ఏర్పాటే. అది లేకపోతే మే నెలలో చెమటతో మీటింగులో కూర్చోగలనా?

కండక్టర్: ఇంట్లో వాళ్లు భయపడరా బాబూ?

సైక్లిస్ట్: మా అమ్మకు ఇప్పటికీ టెన్షనే. ఆఫీసుకు చేరగానే ఫోన్ చేయాలి. భయపడటంలో తప్పు లేదు కూడా. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పక్క నుంచి వాటర్ ట్యాంకర్ వెళ్తే ఆ గాలికే హ్యాండిల్ ఊగుతుంది.

యాంకర్: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ కట్టారు కదా, అది మీకు పనికిరాదా?

సైక్లిస్ట్: ఆదివారం పొద్దున వెళ్తాను. బాగుంటుంది. ఎండ తగలదు, బండ్ల భయం లేదు.

ప్రొఫెసర్: 2023 అక్టోబరులో ప్రారంభించారు, 23 కిలోమీటర్లు. పైన సోలార్ పలకలు కరెంటు ఇస్తాయి, కింద నీడ. ఆలోచన మంచిదే, నేను కాదనను. కానీ అది మన ఇంటినీ ఆఫీసునీ కలపదు. అక్కడికి సైకిల్ తీసుకెళ్లడానికి కారు వాడేవాళ్లున్నారు. రోజూ సైకిల్ తొక్కే మనిషి ఎవరో తెలుసా? పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మేస్త్రీ పనికి వెళ్లే ఆయన. వాళ్ల దారి ఔటర్ పక్కన లేదు.

కండక్టర్: అదే నేను చెప్పాలనుకుంటున్నాను సార్. కారున్నవాళ్లను బస్సు ఎక్కించడం ఎలా అని అందరూ అడుగుతారు. ఇప్పటికే ఎక్కుతున్నవాళ్ల గురించి ఎవరూ అడగరు. నేను ఎక్కువగా 218 మీద చేశాను, పటాన్‌చెరు నుంచి కోఠికి. పొద్దున మొదటి ట్రిప్పులో ఎవరుంటారు? ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్లు, కూరగాయల మూటలతో వచ్చేవాళ్లు. వాళ్లు ఏ రోజూ పొగ పెంచలేదు. మరి వాళ్లకు మనం ఏమిచ్చాం? కప్పు లేని స్టాపు, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు.

ప్రొఫెసర్: 2011 జనాభా లెక్కలు ఈ మాటకే సాక్ష్యం. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాకుండా మిగతా పనులు చేసేవాళ్లను పనికి ఎలా వెళ్తారని అడిగారు. దేశం మొత్తం మీద నడిచి, సైకిల్ తొక్కి వెళ్లేవాళ్లు కలిపి మూడో వంతు కంటే ఎక్కువ. కారులో వెళ్లేవాళ్లు మూడు శాతం కూడా లేరు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఎవరి కోసం చేస్తున్నామో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

యాంకర్: అమ్మా, 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చింది, ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచితం. అప్పుడు మీరు సర్వీసులోనే ఉన్నారు. ఏం మారింది?

కండక్టర్: మొదటి నెల నరకం చూశాను. ఫుట్‌బోర్డు మీద నిలబడి "జరగండి, లోపలికి జరగండి" అని అరిచి అరిచి గొంతు పోయింది. డబ్బులు లేకపోయినా ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టాలి, అది మరచిపోతే మాకు మాట పడుతుంది. జనం పెరిగారు, బస్సులు ఆ రోజుకు అన్నే ఉన్నాయి. కానీ ఒక మాట చెప్తానమ్మా. కూకట్‌పల్లిలో ఒకామె రోజూ ఎక్కేది. అంతకు ముందు రెండు స్టాపుల ముందే దిగిపోయేది. "ఇక్కడ దిగావేంటమ్మా, ఇంకా ముందు కదా మీ పని?" అని ఒకసారి అడిగాను. అక్కడికి వెళ్తే స్టేజీ మారి టికెట్ పెరుగుతుందట, అందుకని నడిచేదట. జీరో టికెట్ వచ్చాక నేరుగా వెళ్లి దిగింది. దిగుతూ నాకు చెయ్యి ఊపింది. ఆ చెయ్యి నాకు గుర్తుండిపోయింది. బస్సు అంటే అదీ.

యాంకర్: ఒక ఫోన్ కాల్ ఉంది. హనుమకొండ నుంచి ఒక టీచర్ మాట్లాడుతున్నారు. చెప్పండి మేడమ్.

కాలర్: నమస్తే అండి. మాకు మెట్రో లేదు, స్కూలు ఉన్న ఊరికి సిటీ బస్సులూ లేవు. రోజుకు పోనూ రానూ 30 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ స్కూటీ తీసుకుందామనుకుంటున్నాను. మా వారేమో, ఆ కరెంటు కూడా బొగ్గు నుంచే కదా, లాభమేంటి అంటున్నారు. ఎవరి మాట నిజం?

ప్రొఫెసర్: మీ వారు అడిగింది మంచి ప్రశ్నేనమ్మా. లెక్క వేద్దాం. పెట్రోల్ స్కూటర్ లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. 30 కిలోమీటర్లకు ముప్పావు లీటరు లోపే. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే మీకు రోజుకు ఒకటిన్నర కిలో. ఎలక్ట్రిక్ స్కూటర్ అదే దూరానికి సుమారు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది. బొగ్గు ఎక్కువున్న మన గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోల దాకా వస్తుంది. బొగ్గు కరెంటుతో నడిపినా సగానికి సగం తగ్గింది. ఇంటి మీద సోలార్ ఉంటే ఇంకా తగ్గుతుంది. పైగా మీ స్కూలు గేటు దగ్గర పిల్లల ముక్కుకు పొగ తగలదు. తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. మీ పరిస్థితిలో నేనైతే తీసుకోమనే అంటాను.

కాలర్: వెనకాల ఇంకో టీచర్‌ను ఎక్కించుకుంటానండి. ఆమెదీ అదే దారి.

ప్రొఫెసర్: అయితే తలకు మూడున్నర వందల గ్రాములు. బస్సుతో సమానమైపోయారు! నిండుగా యాభై మంది ఉన్న డీజిల్ బస్సులో 30 కిలోమీటర్లకు ఒక్కొక్కరి వాటా కూడా ఇంచుమించు అంతే. అదే కారులో ఒక్కరే వెళ్తే ఐదు కిలోలు దాటుతుంది. అందుకే నగరంలో మాత్రం ఎలక్ట్రిక్ కారు కొని సమస్య తీరింది అనుకోవద్దని నా విద్యార్థులకు చెప్తాను. పొగ తగ్గుతుంది, నిజమే. కానీ పంజాగుట్టలో పెట్రోలు కారు ఎంత జాగా తింటుందో అదీ అంతే తింటుంది. దాని వెనక అమ్మ వాళ్ల బస్సు ఇరుక్కుంటుంది.

సైక్లిస్ట్: సార్, నాకొక సందేహం. మీరు ఫుట్‌పాత్ ముందు అంటారు, అమ్మ బస్సులు ముందు అంటారు. సైకిల్ లేన్ సంగతి? ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది.

ప్రొఫెసర్: ముందు వెనక అని కాదు. జాగా ఉన్న రోడ్డులో మూడూ కావాలి. జాగా లేని రోడ్డులో మాత్రం నేను నడిచేవాళ్ల వైపే ఉంటాను, అందులో మొహమాటం లేదు. పెయింట్‌తో గీత గీసి సైకిల్ లేన్ అంటే మరుసటి రోజే అందులో కార్లు ఆగుతాయి. మధ్యలో గట్టు ఉండాలి. ఇంకో మాట. ఫుట్‌పాత్ అనగానే ముందు తోపుడు బండ్లవాళ్లను తరిమేస్తారు. అది న్యాయం కాదు. వీధి వ్యాపారులకు 2014లో చట్టమే ఉంది, వాళ్లకు చోటు చూపించాలి. ఇడ్లీ బండి ఉన్న చోట రాత్రి పూట ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. నాకు అడ్డం ఇడ్లీ బండి కాదు, ఫుట్‌పాత్ ఎక్కించిన కారు.

కండక్టర్: బాబూ, సైకిల్ అన్నావు కాబట్టి నీతో ఒక మాట. స్టాపులో బస్సు ఆగినప్పుడు నువ్వు ఎటు నుంచి వెళ్తావు?

సైక్లిస్ట్: ఎడమ పక్క సందు ఉంటే అటు నుంచే అమ్మా.

కండక్టర్: అదే వద్దు. దిగేవాళ్లు ముందు కాలు చూస్తారు, నిన్ను చూడరు. ఒకసారి నా బస్సులోంచి దిగుతున్న పెద్దాయనను సైకిల్ కుర్రాడు గుద్దాడు. ఇద్దరూ పడ్డారు. పెద్దాయన చేతిలో మందుల కవరు, మాత్రలన్నీ రోడ్డు మీద. నేనే ఏరి ఇచ్చాను. డ్రైవర్‌కు ఆ మూల అద్దంలో నువ్వు కనపడవు.

సైక్లిస్ట్: మరి బస్సును రోడ్డు మధ్యలో ఆపుతారు కదమ్మా, అందుకే కదా ఎడమ సందు ఏర్పడేది?

కండక్టర్: మధ్యలో ఆపడం మాకు సరదానా నాయనా? బస్సు ఆగాల్సిన చోట ఆటోలుంటాయి. అవి జరగవు. వెనక నుంచి ఇంకో బస్సు వస్తుంటుంది. డ్రైవర్ ఏం చేస్తాడు? జనాన్ని రోడ్డు మధ్యలోనే దింపుతాడు. దిగిన ముసలావిడ ఆ ఎడమ సందు దాటి ఫుట్‌పాత్ చేరాలి. ఆ సందులోనే నువ్వు వస్తావు, బైకులూ వస్తాయి.

సైక్లిస్ట్: ఆగుతానమ్మా. రేపటి నుంచి బస్సు వెనకాలే ఆగుతాను.

కండక్టర్: అర నిమిషం. "రైట్ రైట్" అని వినపడ్డాక కదులు.

యాంకర్: సమయం అయిపోయింది. హనుమకొండ టీచర్ గారికి, స్టూడియోకి వచ్చిన ముగ్గురికీ ధన్యవాదాలు. అమ్మా, తిరుగు ప్రయాణానికి మా బండి ఏర్పాటు చేశాం.

కండక్టర్: వద్దమ్మా, గేటు ఎదురుగానే స్టాపు ఉంది. రోడ్డు దాటించడానికి ఎవరినైనా తోడు పంపండి చాలు.